మాయల మరాఠీ నుంచి పశుపతి దాకా: మన తెరమీద భయం నడిచిన దారి

ఆఫీసుకు కొత్త కాగితం ఏది వచ్చినా, ముందు పాత ఫైలు తీసి ఇలాంటి సందర్భంలో పెద్దలు ఏం చేశారో చూడటం మన వృత్తిలో మొదటి పాఠం. సినిమా దర్శకులూ ఇందుకు మినహాయింపు కాదు. ప్రేక్షకుణ్ణి భయపెట్టే సినిమా తీయబోయే ప్రతి దర్శకుడూ ముందు పాత సినిమాలు తిరగేస్తాడు. పత్రికల్లో గాని టీవీల్లో గాని ఈ విషయం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా హిచ్‌కాక్, స్పీల్‌బర్గ్ పేర్లే గురువులుగా వినిపిస్తాయి. వారు గురువులే, సందేహం లేదు. కాని మన దర్శకులు తిరగేసిన ఫైలులో మన పేజీలూ చాలా ఉన్నాయి. అందులో కొన్ని కృష్ణా డెల్టా మనుషులు రాసిన పేజీలు. వాటిని వరుసగా కుట్టి మిత్రుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాంత్రికుడి వంశవృక్షం

1942లో జెమినీ వారు చిత్తజల్లు పుల్లయ్య గారి దర్శకత్వంలో ‘బాలనాగమ్మ’ తీశారు. ఆ కథ అంతకుముందే బుర్రకథగా, నాటకంగా మన పల్లెలకు కంఠతా వచ్చు. బాలనాగమ్మగా కాంచనమాల వేస్తే, ఆమెను ఎత్తుకుపోయే మాయల మరాఠీ పాత్ర గోవిందరాజుల సుబ్బారావు గారు వేశారు. ఈయన తెనాలిలో స్థిరపడిన వైద్యులు. 1938లో ‘మాలపిల్ల’లో ఛాందసుడైన సుందరరామశాస్త్రిగా వేసి మెప్పించిన మనిషే నాలుగేళ్ళకు మాయల మరాఠీగా జనాన్ని హడలెత్తించారు. మన తెరమీద మాంత్రికుడి వంశానికి ఆయన్ను మూలపురుషుడు అనవచ్చు.

తర్వాతి పేజీ ‘కీలుగుర్రం’. 1949లో వచ్చింది. తీసినవారు మన నూజివీడు ప్రాంతపు మీర్జాపురం రాజా గారు. అక్కినేని కథానాయకుడు, ఘంటసాల సంగీతం. వేటకు వెళ్ళిన రాజు ఒక అందగత్తెను చూసి మోహించి కోటకు తెచ్చుకుంటాడు. ఆమె నిజానికి రాక్షసి. పగలు రాణి, రాత్రి ఏనుగుల్నీ గుర్రాల్నీ తినేస్తుంది. ఆ నేరం పెద్దరాణి మీద మోపుతుంది. రాజు నమ్మి, గర్భవతి అయిన భార్యను అడవికి పంపి చంపమంటాడు. రాక్షసిగా అంజలీదేవి నటించారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఆమె రాక్షసి అని మనకు తెలుసు, రాజుకు తెలియదు. రాజు ఆమెతో నవ్వుతూ మాట్లాడిన ప్రతిసారీ మన గుండె దడదడలాడుతుంది. హిచ్‌కాక్ సస్పెన్సుకు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. బల్లకింద బాంబు ఉన్న సంగతి ఎవరికీ తెలియకుండా అది పేలితే ఒక్క క్షణం ఉలిక్కిపాటు. అది ఉందని ప్రేక్షకుడికి ముందే చెప్పి, బల్ల దగ్గరివాళ్ళను లోకాభిరామాయణంలో ముంచితే ఆ సేపంతా ఉత్కంఠ. ఆయన ఈ సూత్రాన్ని ఇంగ్లీషులో చెప్పి ప్రపంచానికి పాఠం చేశారు. మన కాశీమజిలీ కథలు చెప్పిన తాతలు పేరు పెట్టకుండానే ఆ పని చేశారు.

మూడో పేజీ ‘పాతాళభైరవి’, 1951. విజయా సంస్థ, కె.వి.రెడ్డి గారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు గారి రచన, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం. విజయా అధినేతల్లో చక్రపాణి గారు తెనాలివారు. తోటరాముడు ఎన్.టి.రామారావు నిమ్మకూరు బిడ్డ. నేపాళ మాంత్రికుడు ఎస్.వి.రంగారావు 1918లో నూజివీడులో పుట్టినవారు. మాంత్రికుడు రాముణ్ణి బలి ఇవ్వాలని గుహకు తీసుకుపోయి ముందు స్నానం చేసి రమ్మంటాడు. నీళ్ళలో మొసలితో పోరాటం, ఆ మొసలి శాపం తీరి అప్సరస కావడం, ఆమె నోట మాంత్రికుడి కుట్ర బయటపడటం. అక్కణ్ణుంచి ఆట తిరగబడుతుంది. ఇప్పుడు రాముడికి తెలుసు, మనకూ తెలుసు, మాంత్రికుడికి తెలియదు. చివరికి రాముడు యుక్తిగా మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. భేతాళ కథల్లో విక్రమార్కుడు భిక్షువుకు చెప్పిన బుద్ధి ఇదే గదా!

మాయల మరాఠీ మోటుగా ఉంటే నేపాళ మాంత్రికుడు దర్జాగా ఉంటాడు. మాటలో తియ్యదనం, నడకలో ఠీవి. ప్రతినాయకుణ్ణి చూసి భయపడుతూనే మెచ్చుకోవచ్చునని రంగారావు గారు నేర్పారు. అప్పటినుంచి జానపద చిత్రం తీసిన ప్రతివారూ మాంత్రికుడి వేషధారి కోసం వెతికేటప్పుడు ఆయన్నే మనసులో పెట్టుకున్నారు.

నవ్వుతూ భయపెట్టిన విఠలాచార్య

1960లలో మా తరం చూసిన భూతప్రేతాలన్నీ బి.విఠలాచార్య గారివే. 1920లో పుట్టి, కన్నడంలో చిత్రాలు తీసి, తెలుగుకు వచ్చి స్థిరపడిన ఈ దర్శకుడు ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965), ‘చిక్కడు దొరకడు’ (1967), ‘గండికోట రహస్యం’ (1969) ఇలా వరస పెట్టి తీశారు. రామారావు గారితోనే డజనుకు పైగా. 1999లో కన్నుమూసేదాకా ఆయనకు పండితుల మెప్పు అంతగా దక్కలేదు. ‘విఠలాచార్య సినిమాలా ఉంది’ అంటే ఆఫీసులో వెక్కిరింపు కింద లెక్క. వెక్కిరించినవారే శనివారం రెండో ఆటకు కుటుంబంతో కనిపించేవారనుకోండి.

కోతలయి, ధాన్యం ఇంటికి చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడేవేళ డెల్టా ఊళ్ళలో టూరింగు టాకీసుల డేరాలు కళకళలాడేవి. నేల, బెంచీ, కుర్చీ తరగతులు. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. సరిగ్గా దెయ్యం తలుపు తీసే సమయానికి రీలు అయిపోతే ఆ రెండు నిమిషాలూ డేరా అంతా గోల. ఆ జనానికి ఏం కావాలో విఠలాచార్య గారికి తెలుసు. కొద్ది పెట్టుబడి, వేసిన సెట్టునే మళ్ళీ వాడుకోవడం, చెప్పిన తేదీకి పూర్తిచేయడం ఆయన పద్ధతి. పేచీ పెట్టిన నటుడి పాత్రను కథలో చిలకగానో మేకగానో మార్చేసి మిగతా సినిమా లాగించేవారని సరదాగా చెప్పుకునేవారు. కోస్తా జిల్లాలకు బొమ్మలు పంపే పంపిణీ ఆఫీసులన్నీ మన విజయవాడ గాంధీనగరంలోనే ఉండేవి. తారలను చూడకుండా దర్శకుడి పేరు మీదే బొమ్మ ఆడించగలిగిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

ఆయన పనితనానికి ఒక్క ఉదాహరణ చాలు. 1978లో వచ్చిన ‘జగన్మోహిని’లో జయమాలిని వేసిన దెయ్యం, పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళే పెట్టి వంట చేస్తుంది. చూసినవాళ్ళు ఒళ్ళు జలదరించి, మరుక్షణం నవ్వుతారు. వంటిల్లు, పొయ్యి, కట్టెలు ప్రతి ఇల్లాలికీ తెలిసినవే. రోజూ చూసే వస్తువుల్లో వింత పుట్టిస్తే ఆ బొమ్మ మనసులోంచి పోదు. నలభై ఏళ్ళు దాటినా ఆ సినిమా పేరు చెబితే జనం ముందు చెప్పేది ఆ పొయ్యి సంగతే. 2009లో తమిళంలో ఆ చిత్రాన్ని అదే పేరుతో మళ్ళీ తీశారు.

లీలామహల్ దారి

ఇది చూపి భయపెట్టే పద్ధతి. రెండో పద్ధతి దాచి భయపెట్టడం. అది మన ఊరికి ఎక్కువగా ఇంగ్లీషు బొమ్మల ద్వారా వచ్చింది. విజయవాడ సినిమాకు పాత కాణాచి. 1921లోనే ఇక్కడ మారుతీ హాలు వెలిసింది, 1929లో దుర్గాకళామందిరం. ఇంగ్లీషు సినిమా అంటే లీలామహల్. మాటలు సగం అర్థం కాకపోయినా కాలేజీ కుర్రాళ్ళు, కుర్ర గుమాస్తాలు అక్కడికే చేరేవారు. అర్థం కాని మాట మరో మేలు చేసింది. మాట వదిలి కెమెరా ఎటు తిరుగుతోందో, చప్పుడు ఎక్కడ ఆగిందో గమనించడం అలవాటైంది.

హిచ్‌కాక్ ‘సైకో’ 1960లో వచ్చింది. కత్తి ఒంట్లో దిగినట్టు చూపకుండానే చూసినట్టు భ్రమ కల్పించిన చిత్రం అది. 1973లో ‘ది ఎక్సార్సిస్ట్’, 1975లో స్పీల్‌బర్గ్ ‘జాస్’. ‘జాస్’ కోసం చేయించిన మర సొరచేప సముద్రపు నీళ్ళలో తరచూ మొరాయించేసరికి, దాన్ని చూపకుండా సంగీతంతోనూ నీటి కదలికతోనూ కథ నడపవలసి వచ్చింది. ఆ ఇబ్బందే ఆ చిత్రానికి బలమైంది.

తెలుగులో ఈ దారి మొదట హిందీ, తమిళాల మీదుగా వచ్చింది. ‘ఆమె ఎవరు?’ (1966) హిందీ ‘వో కౌన్ థీ’ (1964) కథ. ఏవీఎం వారి ‘అవే కళ్ళు’ (1967) తమిళంతో పాటు తయారైంది. సొంత గొంతుతో వచ్చిన చిత్రమంటే నా లెక్కలో 1985 నాటి వంశీ గారి ‘అన్వేషణ’. అడవిలో వరస చావులు, పులి చంపుతోందని ఊరి నమ్మకం, పక్షుల కూతల మీద పరిశోధనకు వచ్చిన అమ్మాయి. పాటలు, ఇళయరాజా వాద్యఘోష, ఎం.వి.రఘు కెమెరా కలిసి అడవినే ఒక పాత్ర చేశాయి. హంతకుడెవరో చివరిదాకా దాచిపెట్టిన తీరుకు ఇప్పటికీ తెలుగు సస్పెన్స్ సినిమాను దాంతోనే పోలుస్తారు. ఒక అమ్మాయి జీవితంలో మాయమైన ఒక్క రోజు చుట్టూ చంద్రశేఖర్ ఏలేటి ‘అనుకోకుండా ఒక రోజు’ (2005) అల్లినప్పుడు ఆ దారి ఇంకా సాగుతోందని తెలిసింది.

ఈ దారిలో మన ఊరికి బాగా తెలిసిన పేరు రామ్‌గోపాల్ వర్మ. కానూరులోని సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీలో చదివిన కుర్రాడు. చదువుకన్నా విజయవాడ హాళ్ళలో ఎక్కువ నేర్చుకున్నట్టు ఆయన రాతల్ని బట్టే తెలుస్తుంది. ‘ఎక్సార్సిస్ట్’ తనను ఎంత భయపెట్టిందో పలుమార్లు చెప్పారు. 1992లో తీసిన ‘రాత్రి’లో రేవతి సినిమా చూస్తూ బయటికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి హాలు మొత్తం ఖాళీ. కోరలు లేవు, రంగుపొగ లేదు, ఖాళీ కుర్చీలు మాత్రమే. మనం కూర్చున్నదీ హాల్లోనే కాబట్టి పక్క కుర్చీ వైపు చూసుకోక తప్పదు. తర్వాత ‘దెయ్యం’ (1996), హిందీలో ‘కౌన్’ (1999), పాటలే లేని ‘భూత్’ (2003) ఇదే పద్ధతి. పొయ్యిలో కాళ్ళు పెట్టిన విఠలాచార్యకూ, హాలు ఖాళీ చేసిన వర్మకూ పోలిక లేదనుకుంటాం. కాని రోజూ చూసే చోటునే వింత చేయాలన్న సూత్రం ఇద్దరిదీ ఒకటే.

గురువు చేతి నుంచి శిష్యుడి చేతికి

ప్రభావం అనే మాటను మనం తేలిగ్గా వాడేస్తాం. దానికి రుజువు ఉండాలి. కె.వి.రెడ్డి గారి విషయంలో ఆ రుజువు గట్టిది. ‘మాయాబజార్’ (1957)కు ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారు 1994లో ‘భైరవద్వీపం’ తీశారు. తీయించినది నాగిరెడ్డి గారి కుటుంబమే, చందమామ విజయా పేరుతో. కథానాయకుడు రామారావు గారి కుమారుడు బాలకృష్ణ. మాంత్రికుడు, బలి, మాయలు అన్నీ పాతాళభైరవి వంశంవే. జానపదం కాలం చెల్లిందని అంతా తీర్మానించిన రోజుల్లో ఆ బొమ్మ ఆడింది. గురువు దగ్గర నేర్చింది శిష్యుడు ముప్పై ఏడేళ్ళకు, గురువు చిత్రాన్ని నకలు చేయకుండా, కొత్త పిల్లలకు చెప్పగలిగాడు.

పాలకొల్లు నుంచి వచ్చిన కోడి రామకృష్ణ గారు 1995లో ‘అమ్మోరు’లో గోరఖ్ అనే మాంత్రికుణ్ణి రామిరెడ్డి చేత వేయించారు. 2009లో ‘అరుంధతి’లో సోనూ సూద్ పశుపతి అయ్యాడు. సజీవంగా సమాధి అయి, పగతో తిరిగివచ్చే ఆ పాత్ర చూసి పిల్లలు రాత్రి దీపం ఆర్పనివ్వలేదు. ఆ సినిమాలో కోటగా కనిపించిన బనగానపల్లె బంగళాను చూడటానికి జనం ఇప్పటికీ వెళ్తుంటారు. గ్రాఫిక్సు కొత్తవి, పశుపతి మాత్రం పాతవాడే. మాయల మరాఠీ మనవడు, నేపాళ మాంత్రికుడి అన్న కొడుకు.

ఎస్.ఎస్.రాజమౌళి తనమీద ‘మాయాబజార్’ ప్రభావాన్ని దాచుకోలేదు, చాలా సభల్లో చెప్పారు. న్యూజిలాండు దర్శకుడు పీటర్ జాక్సన్ చిన్నప్పుడు 1933 నాటి ‘కింగ్‌కాంగ్’ చూసి సినిమాలు తీయాలని నిశ్చయించుకుని, 2005లో ఆ కథనే మళ్ళీ తీశారు. రాజమౌళిదీ అలాంటి రుణమే. అయితే ఆయన మాయాబజార్ కథ తీసుకోలేదు, అందులోని పద్ధతి తీసుకున్నారు. తల్పం గిల్పమై, కంబళి గింబళి అయి, ప్రాణం లేని వస్తువులు కూడా పాత్రల్లా నటించి దుష్టుల పని పట్టడం అందులో చూశాం. 2012లో వచ్చిన ‘ఈగ’లో మాట రాని ఒక ఈగ కథానాయకుడై ప్రతినాయకుణ్ణి నిద్రపోనివ్వదు. దానికి జాతీయ పురస్కారం కూడా వచ్చింది.

నడుమ ఒక మాట సాంకేతిక నిపుణుల గురించి. కంప్యూటరు లేని రోజుల్లో ఫిలిం మీద కొంత భాగం నల్ల అట్టతో కప్పి, ఒకసారి తీసి, వెనక్కి తిప్పి, మిగతా భాగం మళ్ళీ తీసేవారు. నటుడు వెంట్రుకవాసి కదిలినా మొత్తం పోయేది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరివెళ్ళడం, ‘సీతారామకల్యాణం’ (1961)లో పది తలల రావణుడు ఇలాంటి ఓర్పుతోనే పుట్టాయి. ఆ రావణుణ్ణి చూపిన రవికాంత్ నగాయిచ్, మన ‘గూఢచారి 116’ (1966) కథతోనే హిందీలో ‘ఫర్జ్’ (1967) తీసి దర్శకుడయ్యారు. అంటే మన విద్య ఉత్తరాదికీ వెళ్ళింది.

తెరమీద భయం, ఊళ్ళో భయం

ఇంతవరకు వినోదం. దీనికి మరో పక్క ఉంది. మన విజయవాడలోనే, గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో పటమటకు మార్చిన నాస్తిక కేంద్రం ఉంది. అక్కడివారు నిప్పులమీద నడిచి చూపి, ఇందులో మహిమ లేదని ఊరూరా చెప్పారు. బాణామతి భయం ప్రబలిన తెలంగాణ పల్లెలకూ వెళ్ళి ధైర్యం చెప్పారు. ఎందుకు వెళ్ళవలసి వచ్చింది? చేతబడి చేసిందన్న అనుమానంతో ఏ దిక్కూ లేని ముసలమ్మనో, ఒంటరి మనిషినో కొట్టి చంపిన వార్తలు మనం పేపర్లలో చదువుతూ వచ్చాం. ఆ వార్తలు ఇంకా ఆగలేదు. కీలుగుర్రంలో పెద్దరాణి మీద పడ్డ నిందే ఇది. కథలో కొడుకు పుట్టి, పెరిగి, నిజం బయటపెడతాడు. ఊళ్ళో అలాంటి కొడుకు రాడు.

అందుచేత భయపెట్టే దర్శకుణ్ణి కొలవడానికి నేను ఒక కొలత పెట్టుకున్నాను. ఆట అయ్యాక ఆ భయాన్ని హాల్లోనే వదిలిస్తున్నాడా, పక్కింటి మనిషి మీదికి తోలుతున్నాడా? విఠలాచార్య నవ్వించి వదిలించారు. ఆయన దెయ్యాన్ని చూసి ఇంటికి వచ్చి పక్కింటామెను అనుమానించినవారు లేరు. ‘సైకో’ చివర ఒక మనోవైద్యుడు వచ్చి జరిగింది జబ్బని విడమర్చి చెబుతాడు. 1993లో మలయాళంలో ఫాజిల్ తీసిన ‘మణిచిత్రతాళు’లో దెయ్యం పట్టిందనుకున్న ఇల్లాలిని మనోవైద్యుడు బాగుచేస్తాడు. 2005లో ‘చంద్రముఖి’గా అది తెలుగువారినీ కదిలించింది. ఇటీవల 2023లో వచ్చిన ‘విరూపాక్ష’, మంత్రగాళ్ళని ఊరు ఒక దంపతుల్ని కాల్చేయడంతో మొదలై, ఆ పాపం ఊరినే ఎలా చుట్టుకుందో చెబుతుంది. మాంత్రికుణ్ణి చూపడం తప్పు కాదు. మాంత్రికుడు తెర దిగి వీధిలోకి రాకుండా చూడటం దర్శకుడి బాధ్యత. పాత పెద్దలు ఆ బాధ్యత మరిచిపోలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు పాత చిత్రాలు చాలా వరకు ఇంట్లో ఫోనులోనే చూడవచ్చు. మిత్రులకు నా మనవి ఒక్కటే. మనవలు ‘బాహుబలి’ గురించో ‘ఈగ’ గురించో మాట్లాడుతున్నప్పుడు పక్కన కూర్చుని ‘పాతాళభైరవి’ గుహ ఘట్టం పెట్టి చూపించండి. కంప్యూటరు లేకుండా ఇది ఎలా తీశారో ఆలోచించమనండి. మాయల మరాఠీ వేసిన డాక్టరు గారి పేరు, కెమెరా పట్టిన బార్‌ట్లే పేరు, వెక్కిరింపులు పడిన విఠలాచార్య పేరు చెప్పండి. ఫైలులో పేరు లేనివాడికి పింఛను రాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?